బన్ని వీడియోను కంపెనీ తీసేస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు ఆలూరు ప్రాంతం వారు. విజయదశమి రాత్రి దేవరగట్టు మాళ మల్లేశ్వర స్వామి కొండ దగ్గర జరిగే బన్ని ఉత్సవాన్ని, అంటే బయటివారు కర్రల సమరం అని పిలిచేదాన్ని, పన్నెండు నిమిషాల వీడియోగా మీ పేజీలో పెట్టారు. మర్నాటి సాయంత్రానికి ‘హింసాత్మక దృశ్యాలు’ అనే కారణం చూపి ఆ వీడియోను తీసేశారు, పేజీని ముప్పై రోజులు ఆపేశారు. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన భావప్రకటన హక్కుకు ఇది భంగం కనుక కంపెనీ మీద హైకోర్టులో రిట్ (హక్కుల అమలు కోసం నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. కంపెనీ తన నిబంధనల ప్రకారం తనంతట తానే తీసేసి ఉంటే 19(1)(ఎ) పేరుతో రిట్ వేయకండి, నిలవడం చాలా కష్టం. మీకు దారి లేదని కాదు. ఆ దారి వాక్ స్వాతంత్ర్యంలో లేదు, నోటీసు ఇచ్చారా, కారణం చెప్పారా, మీ మాట విన్నారా అనే పద్ధతిలో ఉంది. అదే వీడియోను ప్రభుత్వం చెప్పినందువల్ల తీసేసి ఉంటే మాత్రం 19(1)(ఎ) నేరుగా పనికి వస్తుంది. అందువల్ల తీసేసింది ఎవరు, ఎవరి మాట మీద అన్నది తేల్చుకోవడమే మీ మొదటి పని.

నేను కర్నూలులో ఇరవై రెండేళ్ళుగా సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. ప్రోనోటు దావాలు, భాగపరిష్కారాలు, గట్టు తగాదాలు నా రోజువారీ పని. పేజీలు, ఛానెళ్ళు, ఖాతాలు పోగొట్టుకున్నవారు నా దగ్గరకు రావడం గత ఏడెనిమిదేళ్ళుగానే మొదలైంది, ఆ మొదటి రోజుల్లో నేను చేసిన పొరపాటును కూడా కింద చెప్తాను.

ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యానికి ఎదురు నిలిచే హక్కులు. రాజ్యం అంటే ఎవరెవరో 12వ అధికరణ చెప్తుంది: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, చట్టసభలు, స్థానిక సంస్థలు, ఇతర అధికార సంస్థలు. ఎక్కడో నమోదై, తన సొంత నిబంధనలకు మీ చేత ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కించుకుని, ఉచితంగా చోటిచ్చిన కంపెనీ ఆ జాబితాలోకి రాదు. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే రచ్చకట్ట అందరిది, అక్కడ మిమ్మల్ని మాట్లాడవద్దనడానికి పంచాయతీకి చట్టం చూపే కారణం కావాలి. ఒక ఆసామి ఇంటి అరుగు అలా కాదు, పదేళ్ళుగా ఊరంతా అక్కడే కూర్చుని మాట్లాడుకుంటున్నా అది ఆయన అరుగే. ఊరి మాటలన్నీ రచ్చకట్టను వదిలి రెండు మూడు అరుగుల మీదికి చేరిపోవడమే మన కాలపు చిక్కు, ఆ మార్పును చట్టం ఇంకా పూర్తిగా పట్టుకోలేదు.

ఈ వాదన అమెరికాలో ముందే నడిచింది. ఒక కంపెనీ సొంతంగా కట్టి నడిపిన పట్టణంలో కరపత్రాలు పంచిన మహిళను శిక్షించడం చెల్లదని 1946లో మార్ష్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. వీధులు, ఇళ్ళు, పోలీసు అన్నీ కంపెనీవే అయినప్పుడు ఆ కంపెనీ ప్రభుత్వం స్థానంలో ఉన్నట్టేనన్నది అందులోని తర్కం. ఆ తర్కాన్ని సామాజిక మాధ్యమాలకు అన్వయించాలని అడిగినవారికి అక్కడి కోర్టులు ఒప్పుకోలేదు. పైగా 2024లో నెట్‌ఛాయిస్ కేసులో, ఏ పోస్టును ఉంచాలి, దేన్ని తీసేయాలి అని వేదిక చేసే ఎంపిక కూడా వ్యక్తీకరణేనన్న వైపు అక్కడి సుప్రీంకోర్టు మొగ్గు చూపింది.

మన దగ్గర పరిస్థితి కొంచెం వేరు. 226వ అధికరణ కింద హైకోర్టు ‘ఏ వ్యక్తికైనా, అధికార సంస్థకైనా’ ఆదేశం ఇవ్వగలదు. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో క్రికెట్ బోర్డు 12వ అధికరణ కింద రాజ్యం కాదని చెప్పిన సుప్రీంకోర్టే, ప్రజా విధులు నిర్వర్తించే సంస్థ మీద 226 కింద హైకోర్టుకు వెళ్ళే దారి ఉందని కూడా చెప్పింది. ఆ తర్వాత 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:1 మెజారిటీతో, 19, 21 అధికరణల హక్కులను రాజ్యేతర వ్యక్తుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని అన్నది. జస్టిస్ నాగరత్న ఆ విషయంలో విభేదించారు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ‘ఇక కంపెనీల మీద రిట్ వేయవచ్చు’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ కేసు పుట్టింది మంత్రుల వ్యాఖ్యల మీద, తీసేసిన వీడియోల మీద కాదు. ఆ తీర్పు మీ వాదనకు ఒక బలమైన పేరా అవుతుందేమో గాని, అది చాలునని చెప్పి మీ డబ్బు ఖర్చు పెట్టించే ధైర్యం నాకు లేదు.

ఆ ధైర్యం ఒకసారి చేశాను. 2020లో అనంతపురం నుంచి ఒక అధ్యాపకుడు వచ్చారు. తొమ్మిదేళ్ళ ఖాతా, కరువు మీద ఆయన రాసుకున్న వ్యాసాలన్నీ అందులోనే, ఒక్క పూటలో పోయాయి. నేను ఆవేశపడి 19(1)(ఎ) మీద పదహారు పేజీల రిట్ తయారుచేసి, హైకోర్టులో ప్రాక్టీసు చేసే స్నేహితుడి ద్వారా వేయించాను. కర్నూలు నుంచి రాత్రంతా బస్సులో అమరావతి వెళ్ళాము. (రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకు రావాలని 1937లో శ్రీబాగ్‌లో రాసుకున్న మాట నిలబడి ఉంటే ఆ బస్సు ప్రయాణమైనా తప్పేది.) కేసు పిలిచిన నాలుగైదు నిమిషాల్లోనే ‘ఇందులో రాజ్యం ఎవరండీ?’ అన్న ప్రశ్న వచ్చింది. కేంద్రాన్ని ఒకటో ప్రతివాదిగా పెట్టాము గాని, కేంద్రం చేసిన పని ఏదీ అఫిడవిట్‌లో లేదు. రిట్ ఉపసంహరించుకుని వచ్చాము. తిరుగు ప్రయాణంలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు ఇంకా ఎక్కువగా గుర్తుంది.

ఇక తీసేసింది ఎవరన్న ప్రశ్నకు వద్దాం. ప్రభుత్వం చేతిలో ప్రధానంగా రెండు సాధనాలు ఉన్నాయి. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద దేశ సార్వభౌమత్వం, భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలతో నిరోధించమని ఆదేశించడం ఒకటి. 79(3)(బి) కింద ఫలానాది చట్టవిరుద్ధమని తెలియజేయడం రెండవది. తెలిశాక కూడా కంపెనీ ఆ పోస్టును ఉంచితే, ఇతరులు పెట్టిన పోస్టులకు తాను బాధ్యత వహించనక్కరలేదన్న చట్టరక్షణను కోల్పోతుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెట్టడాన్ని నేరంగా చేసిన 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన సంగతి అందరికీ గుర్తుంది. అదే తీర్పులో 79(3)(బి)లోని ‘తెలియడం’ అంటే కోర్టు ఉత్తర్వు ద్వారా గాని ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారా గాని తెలియడమేనని, అది కూడా భావప్రకటన హక్కుకు పరిమితులు పెట్టడానికి 19(2) అధికరణ ఒప్పుకునే కారణాలకు లోబడే ఉండాలని చెప్పిన భాగం మీకు ఎక్కువ ముఖ్యం.

గుర్తించడానికి నేను వాడే పద్ధతి చాలా మామూలుది. వచ్చిన సందేశాన్ని మాట మాటా చదవండి. ‘మా కమ్యూనిటీ ప్రమాణాలకు విరుద్ధం’ అని ఉంటే అది సాధారణంగా కంపెనీ నిర్ణయం. ‘చట్టపరమైన అభ్యర్థన మేరకు’, ‘మీ దేశంలో అందుబాటులో లేదు’ అని ఉంటే ప్రభుత్వాన్నో కోర్టు ఉత్తర్వునో అనుమానించాలి. తర్వాత ఆ లింకును విదేశంలో ఉన్నవారికి పంపి తెరిచి చూడమనండి. మా కడప క్లయింట్లకు ఇది సులువు, కువైట్‌లో ఒక బావమరిదో చిన్నాన్న కొడుకో లేని ఇల్లు అటువైపు తక్కువ. అక్కడ తెరుచుకుని ఇక్కడ తెరుచుకోకపోతే అది దేశం వరకు విధించిన నిరోధం. అప్పుడు మీ పోరాటం కంపెనీతో కాదు. 69ఎ ఉత్తర్వులను గోప్యంగా ఉంచే నియమం 2009 నిబంధనల్లో ఉంది గనుక ఉత్తర్వు ప్రతి దొరకడమే కష్టం. అయినా వరకట్నాన్ని ఎగతాళి చేస్తూ నడిచిన ఒక వెబ్‌సైటును నిరోధించిన వ్యవహారంలో, దాన్ని తయారుచేసిన వ్యక్తికి ఉత్తర్వు ప్రతి ఇచ్చి అతని మాట వినాలని 2022లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అలాంటి సందర్భంలో రిట్ వేయడానికి నేను వెనుకాడను.

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది కమ్యూనిటీ ప్రమాణాల మాటే. కాబట్టి మీ దారి 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ మధ్యవర్తి సంస్థల నిబంధనలు. అందులో మీకు పనికొచ్చేవి మూడు.

ఒకటి, 3(2) నిబంధన, గ్రీవెన్స్ ఆఫీసర్. యాప్‌లో కనిపించే ‘అప్పీల్’ మీట నొక్కడం వేరు, ఈ అధికారికి ఫిర్యాదు చేయడం వేరు. చాలామంది మొదటిది చేసి రెండవది కూడా అయిపోయిందనుకుంటారు. ఆయన పేరు, చిరునామా కంపెనీ సైటులో ప్రకటించి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, తేల్చడానికి మొదట్లో 15 రోజుల గడువు పెట్టారు. ఈ గడువులను సవరణల్లో కుదిస్తున్నారు, మీరు ఫిర్యాదు వేసే రోజుకు అమల్లో ఉన్న పాఠాన్నే చూసుకోండి.

రెండు, 4(8) నిబంధన. దేశంలో 50 లక్షలకు పైగా నమోదైన వాడుకదారులున్న వేదిక తనంతట తాను ఏదైనా తీసేసేటప్పుడు, ముందుగా మీకు తెలియజేయాలి, కారణం చెప్పాలి, దాన్ని మీరు ప్రశ్నించడానికి తగినంత అవకాశం ఇవ్వాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రక్షణ 3(1)(బి) జాబితాలోని, అంటే వాడుకదారులు పెట్టకూడదని నిబంధనలే చెప్పిన అంశాల కింద తీసేసినప్పుడే వర్తిస్తుంది, రక్తపు దృశ్యాలు ఆ జాబితాలో పేరు పెట్టి లేవు. కంపెనీ ఆ మాట అంటుందని ముందే ఊహించి, ‘ఏ నిబంధనలోని ఏ అంశం కింద తీసేశారో చెప్పండి’ అని మీరే అడగండి. జవాబు ఏది వచ్చినా మీకు లాభమే: జాబితాలో ఉందంటే ముందస్తు నోటీసు ఏదని అడగవచ్చు, లేదంటే వారి సొంత ప్రమాణంలో ఏ వాక్యాన్ని మీరు దాటారో చూపించమనవచ్చు.

మూడు, 3ఎ నిబంధన, గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోగా ఈ కమిటీకి అప్పీల్ చేయవచ్చు. 2022 అక్టోబరు సవరణతో వచ్చింది, మూడు కమిటీలను 2023లో ఏర్పాటు చేశారు. అంతా ఆన్‌లైన్‌లోనే, వకీలు అక్కరలేదు. కేంద్రం నియమించిన కమిటీ వేదికల మీద కూర్చోవడం మంచిదేనా అన్న సందేహం నాకూ ఉంది, మీ బన్ని వీడియోకు ఆ సందేహం అడ్డు రాదు.

అదే 2022 సవరణలో 3(1)(ఎన్) అనే చిన్న వాక్యం చేరింది. మధ్యవర్తి సంస్థ 14, 19, 21 అధికరణలు సహా రాజ్యాంగం పౌరులకిచ్చిన హక్కులను గౌరవించాలని దాని సారాంశం. దీనికి వెనుక కథ ఉంది. సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతాను 2019లో ఆపేసినప్పుడు కారణంగా చూపినవాటిలో 1936 నాటి జర్మనీ ఫొటో ఒకటి. గుంపంతా నాజీ వందనం చేస్తుండగా ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడిన ఫొటో అది. నాజీలను ధిక్కరించిన బొమ్మకే ద్వేషపు ముద్ర పడింది. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. ఇలాంటి పిటిషన్లలోనే 2022లో కేంద్రం, వేదికలు పౌరుల ప్రాథమిక హక్కులను గౌరవించాలని అఫిడవిట్ వేసింది. మీ ఫిర్యాదులో 19(1)(ఎ)ను నేరుగా ఉదహరించే బదులు 3(1)(ఎన్) ద్వారా తీసుకురండి. మొదటిది కంపెనీకి వర్తించదని ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తారు, రెండవది వారు పాటించాల్సిన నిబంధన.

ఒక కేసు చెప్తాను. ఎమ్మిగనూరు దగ్గర తాగునీటి సమస్యల మీద పేజీ నడిపే ఒక యువకుడు 2023 వేసవిలో వచ్చాడు. ట్యాంకర్ దగ్గర ఆడవాళ్ళు బిందెలతో తోసుకుంటున్న వీడియోను ‘దాడి’గా లెక్కించి పేజీ మూసేశారు. ఈసారి పదహారు పేజీలు రాయలేదు, ఒకటిన్నర పేజీ. అందులో బరువైన వాక్యం ఇది: ‘వీడియో రెండో నిమిషం పదో సెకను నుంచి నలభయ్యో సెకను దాకా కనిపించేది నీటి కోసం తోపులాట, ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్లుగా మీరు భావించిన మాటలకు మా ప్రాంతపు వాడుకలో అర్థం కింద ఇస్తున్నాము.’ పద్నాలుగో రోజున రెండు వరుసల అచ్చు జవాబు వచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత కమిటీకి అప్పీల్ వేశాము. కమిటీ ఏమీ తేల్చకముందే కంపెనీయే పేజీ తెరిచింది. పొరపాటు అని గాని, క్షమించండి అని గాని ఒక్క ముక్క లేదు. నా అనుభవంలో ఎక్కువ వ్యవహారాలు ఇలాగే ముగుస్తాయి.

ఇప్పుడు మీ వీడియో గురించి, నొచ్చుకోకండి. మీ తరఫున వాదించేవాడిని అయినా, తీసేసినవారి వైపు నుంచి చూడక తప్పదు. బన్ని అంటే మీకూ నాకూ తెలుసు: ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, కొత్తపేట వైపు ఊళ్ళు ఒక పక్క, మిగతా ఊళ్ళు ఒక పక్క, దివిటీల వెలుగులో కర్రలు, తలలకు కట్లు, పసుపు పూసిన గాయాలు. అది ఆచారమని, పోలీసులు ఏటా వందల మంది కాపలా ఉన్నా ఆగని మొక్కని తెలియనివాడికి ఆ దృశ్యం ఊరి మీద దాడిలా కనిపిస్తుంది. ముందు యంత్రం చూస్తుంది, ఆ తర్వాత మనిషి చూసినా ఎక్కడో కూర్చుని కొన్ని సెకన్లు చూస్తాడు, అతనికి హొళగుంద ఎక్కడుందో తెలియదు. పైగా మీరు పెట్టిన శీర్షిక: ‘రక్తం ఏరులై పారింది, చివరిదాకా చూడండి’. ఆచారాన్ని చూపించే వీడియోకు, రక్తాన్ని అమ్ముకునే వీడియోకు తేడా ఆ శీర్షికలోనే పోయింది.

యూట్యూబ్ వంటి వేదికల నియమాల్లో విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళ అనే ప్రయోజనాలుంటే కఠిన దృశ్యాలకు కొంత మినహాయింపు ఉంది. ఆ సందర్భం వీడియోలోనే, మాటల్లోనో అక్షరాల్లోనో కనిపించాలి. కాబట్టి ఫిర్యాదుతో పాటు, మొదటి ముప్పై సెకన్లలో ఇది ఏమిటో చెప్పే వ్యాఖ్యానం చేర్చి, తల పగిలిన దగ్గరి దృశ్యాన్ని మసకచేసి, మూడో నిమిషంలో కనిపించే ఆ చిన్నపిల్లవాడి ముఖం తీసేసి, సవరించిన ప్రతిని సిద్ధంగా ఉంచుకోండి. ‘ఈ రూపంలో పెట్టడానికి అభ్యంతరం ఉందా’ అని అడిగినవాడికి కాదనడం కష్టం.

అవతలి పక్షం కూడా నా దగ్గరకు వస్తుంది కనుక ఒక మాట. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి ఒకరు, తమ నగల్లో కల్తీ ఉందని వరుసగా పెడుతున్న అబద్ధపు పోస్టులను తీయించమని వచ్చారు. కంపెనీ ‘కోర్టు ఉత్తర్వు తెండి’ అంది. ఆయనకు అది అన్యాయంగా తోచింది. కానీ ఎవరు ఫిర్యాదు చేస్తే వారి మాట మీద పోస్టులు తీసేయనక్కరలేదని చెప్పింది శ్రేయా సింఘాల్ తీర్పే. సివిల్ కోర్టులో పరువునష్టం దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నాక పోస్టులు పోయాయి. ఆయన వ్యాపారానికి అడ్డొచ్చిన ఆ నియమమే, ఎవరో స్థానిక నాయకుడు ఫోన్ చేయించి మీ వీడియో తీయించకుండా కాపాడేది కూడా.

పేజీ మీద ఆదాయం, ప్రకటనల ఖర్చు ఉన్నవారికి ఇంకొక దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉచిత సేవలను సేవగా లెక్కించదు, అందువల్ల మామూలు ఖాతాకు ఈ దారి కష్టం. డబ్బు కట్టి ప్రకటన పెట్టాక ఖాతా మూసేస్తే ఆ డబ్బు వరకు వాదన ఉంది. వాణిజ్య ప్రయోజనం అనే అభ్యంతరం వస్తుంది, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమేనని దానికి జవాబు చెప్పి చూడవచ్చు. ధర్మవరం చీరలు ఇంటి నుంచి అమ్మే ఒక ఆమెకు లీగల్ నోటీసు దశలోనే ప్రకటనల డబ్బు వెనక్కి వచ్చింది. నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. వేదికల నిబంధనల్లో తరచూ కనిపించే ‘కాలిఫోర్నియా కోర్టులు’ అన్న వాక్యం చూసి భయపడి ఆగిపోకండి.

సాక్ష్యం గురించి ఆలస్యం చేయవద్దు. వచ్చిన ప్రతి సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, మూల వీడియో ఫైలును ఫోన్‌లో నుంచి చెరపకండి, ఖాతా సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఇంకా ఉంటే ఈ రాత్రే చేసుకోండి. రేపు కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బి అనేవాళ్ళం, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 63(4).

ముప్పై రోజుల్లో పేజీ ఎలాగూ తెరుచుకుంటుంది కదా, ఇంత శ్రమ ఎందుకని మీరు చివర్లో అడిగారు. పేజీ తెరుచుకున్నా ఉల్లంఘన మచ్చ లెక్కలో ఉంటుంది, వచ్చే దసరాకు ఇంకొకటి పడితే శిక్ష పెరుగుతుంది, అందుకే ఫిర్యాదు ఈ వారమే వేయండి. ఈలోగా తమ్ముడి పేరుతో కొత్త ఖాతా తెరిచి అదే వీడియో పెట్టాలని మాత్రం చూడకండి. గుత్తి నుంచి వచ్చిన ఒక అబ్బాయి అప్పీల్ నడుస్తుండగానే ఆ పని చేశాడు. శిక్షను తప్పించుకునే ప్రయత్నంగా లెక్కగట్టి రెండు ఖాతాలూ శాశ్వతంగా మూసేశారు, మేము రాసిన ఫిర్యాదు అంతటితో పనికిరాకుండా పోయింది.